అత్తగారు తోమిన నీళ్ల కుర్రాడు

మా అత్తగారు నాతో మాట్లాడేవారు కాదు. కోపం ఉండి కాదు, గౌరవం ఉండి. ఆవిడ పుట్టిన ఊళ్లో అల్లుడి ఎదుట అత్తగారు కుర్చీలో కూర్చోకూడదు, గట్టిగా నవ్వకూడదు, నేరుగా పలకరించకూడదు. ఏం చెప్పాలన్నా తలుపుతోనో గోడతోనో కూతురితోనో చెప్పాలి. అల్లుడు పక్కనుంచి విని గ్రహించుకోవాలి. ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో తెలీదు గానీ, నాలాంటి అల్లుణ్ణి చూశాకే కనిపెట్టి ఉంటారు. పన్నెండేళ్లు మేం ఇలాగే సుఖంగా ఉన్నాం. మధ్యలో మా ఆవిడ ఉంది, ఇంకేం కావాలి.

ఆ ఏడాది చలికాలం చివర అత్తగారు రెండు నెలలుండి పోదామని ఈ విదేశానికి, కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌ ఊళ్లో మా అద్దింటికి వచ్చారు. వచ్చిన నెలకి లోకం తలుపులేసుకుంది. విమానాలు ఆగిపోయాయి. మా ఆవిడ మందుల ఫ్యాక్టరీలో ల్యాబు మనిషి. మందులు ఆగకూడదు కాబట్టి, గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపితే చూపించడానికి ఒక ఉత్తరం బ్యాగులో వేసుకుని రోజూ పొద్దున్నే వెళ్లిపోయేది. నేనూ ఆ ఫ్యాక్టరీయే, కానీ కాగితాల పక్షం. ఎవరో చేసిన మందు గురించి ఇంకెవరో రాసిన కాగితం సరిగ్గా ఉందని మూడో మనిషిగా సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఈ మహత్కార్యం ఇంట్లో కూర్చుని కూడా చెయ్యొచ్చని మా మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు. మానవజాతికి నేనెంత అవసరమో ఆ రోజు తేలిపోయింది.

అంటే పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంట్లో నేను, నాతో మాట్లాడని అత్తగారు. నాకు కబుర్లు చెప్పకపోతే అన్నం అరగదు. ఆవిడకి వంట చేసిన సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే గిన్నె దించబుద్ధి కాదు. మొదటి మూడు రోజులు ఇల్లు మౌనవ్రతం పట్టిన ఆశ్రమంలా ఉంది. నాలుగో రోజు పదకొండింటికి హాల్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఒరేయ్ అబ్బాయ్, కాఫీ పెట్టాను. తాగేవాళ్లుంటే చల్లారకముందు తాగమను."

ఇంట్లో నాకు తెలియకుండా అబ్బాయెవడా అని తొంగి చూశాను. అత్తగారు కిటికీ పక్క బల్ల మీదున్న కంచు బొమ్మతో మాట్లాడుతున్నారు.

ఆ బొమ్మ మా ఇంటి ఓనరు పెద్దావిడది. ఎత్తు మూరెడు, బరువు మాత్రం గున్న ఏనుగంత. పదేళ్ల కుర్రాడు, మొలకి గుడ్డ తప్ప ఒంటి మీద ఏమీ లేదు. ఒక చేత్తో కుండ నడుముకి ఆనించుకుని, రెండో చేత్తో చిన్న కూజా ముందుకు చాపి, నోరు తెరిచి నవ్వుతూ ఎవర్నో పిలుస్తుంటాడు. ఇటలీలో నేపుల్స్ వీధుల్లో నీళ్లమ్ముకునే పిల్లవాడు. నూట యాభై ఏళ్ల కిందట ఎవరో శిల్పి అలాంటివాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని చూస్తూ పోతపోశాడట. రంగు ముదురు పాకం రంగు. నుదుటి మీదా భుజాల మీదా ఇంకాస్త చిక్కగా, నల్లగా ఉంటుంది. ఇల్లు మాకిచ్చి తను సిటీలో చిన్న ఫ్లాటుకి మారినప్పుడు పెద్దావిడ అన్నీ తీసుకెళ్లింది, వీణ్ణి తప్ప. "వాడు ఆ కిటికీ దగ్గర మా అమ్మమ్మ రోజుల నుంచీ నిలబడ్డాడు. కదిపితే ఇల్లు ఇల్లులా ఉండదు. కాస్త చూస్తుండండి," అంది.

కాఫీ కప్పు తీసుకుని నేనూ వాడికే జవాబు చెప్పాను. "ఒరేయ్, పంచదార తక్కువైందను."

"ఒరేయ్, పంచదార సరిగ్గానే ఉంది, కోతలు కోసి కోసి నాలుక మొద్దుబారిందను."

అలా మాకు దుబాసీ దొరికాడు. ఇక ఆగుతానా. వాడి జన్మవృత్తాంతం నాలుగు రోజులు సీరియల్‌లా చెప్పాను, వాడికే, అత్తగారికి వినపడేలా. నేపుల్స్‌లో వీడి నీళ్లు తాగిన ఓడ కెప్టెన్ ఒకడు "ఇంత తియ్యటి నీళ్లు మా దేశంలో లేవురా" అని వీణ్ణి ఓడెక్కించి కార్క్ రేవులో దించాడు. వీడు కూజా చాపి "నీళ్లో నీళ్లు" అని మొదటి కేక వేశాడు. అంతే, వాన మొదలైంది. నలభై రోజులు ఆగలేదు. ఆ కేక వేసిన నోరు అలాగే తెరుచుకుని, కుర్రాడు సిగ్గుతో కంచైపోయాడు.

వంటింట్లో గరిటె ఆగింది. "ఒరేయ్, నీళ్లమ్ముకునేవాడివి, ఈ దేశం రావాలని నీకెలా తోచిందిరా? వద్దని చెప్పే పెద్దవాళ్లే లేరా మీ ఇంట్లో?"

ఒక రోజు సరదాకి వాడికి మాస్కు కట్టాను. పది నిమిషాల్లో ఊడిపోయింది. "కంచుకి జలుబు చెయ్యదురా, ఊపిరాడక చస్తావు," అన్నారు అత్తగారు వాడితో.

పెద్దావిడ ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసేది. డెబ్బై దాటినవాళ్లు గడప దాటొద్దన్నారు కదా, దూరాన ఎన్నిస్‌ ఊళ్లో చెల్లెలింటికి చేరింది. నలభై ఏళ్లు బడిపంతులమ్మగా చేసిన మనిషి. ఒక ఊరిని అదుపులో పెట్టే శక్తంతా ఇప్పుడు ఒక చెల్లెలి మీద ఖర్చు పెడుతోంది. ఇంటి కప్పు గురించి అడగదు, బాయిలరు గురించి అడగదు. "అయ్యగారు ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది. అయ్యగారంటే నీళ్ల కుర్రాడు. నేను ఊరుకోను కదా. వాడికి తెలుగు వచ్చేసిందనీ, గోంగూర అడుగుతున్నాడనీ, రెండు కిలోమీటర్లు దాటొద్దన్నారని వినడం లేదనీ చెప్పేవాణ్ణి. ఆవిడ పడీ పడీ నవ్వేది. నా కబుర్లకి నవ్వే మనిషి దేశంలో ఒక్కరైనా మిగిలారని నేనూ పొంగిపోయేవాణ్ణి.

అలాంటి ఒక ఆదివారం ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ అంది: "గుర్తొచ్చినప్పుడు వాడికి ఎ రబ్ ఆఫ్ ఎ క్లాత్ ఇవ్వండి, అంతే."

తలుపు అవతల నుంచి ప్రశ్న వచ్చింది. "ఒరేయ్, నీ గురించి ఏమంటోందిరా ఆ పెద్దావిడ?"

పొడి గుడ్డతో ఒకసారి అలా తుడవమంది. ఆ మాట ఈ ఊళ్లో ఎవరికైనా తెలుసు, నాకూ తెలుసు. కానీ తుడవడం అన్నది ఎంత చప్పటి మాట! బల్ల తుడుస్తాం, ముక్కు తుడుస్తాం. అందులో కథేముంది? ఆవిడ రబ్ అంది, రబ్ అంటే రుద్దడమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, కాస్త మసాలా తగిలేలా అన్నాను:

"ఒరేయ్, నిన్ను బాగా తోమమందిరా. నీ మకిలి చూసి సిగ్గుపడుతోందట."

తెలుగువాళ్లకి ఈ రెండు మాటలకీ మధ్య ఎంత దూరముందో చెప్పక్కర్లేదు. తుడిస్తే దుమ్ము పోతుంది. తోమితే చరిత్ర పోతుంది.

శుక్రవారం నాకు మూడు గంటల వీడియో మీటింగు. కాగితాలు చూసే పద్ధతి గురించి రాసిన కాగితాన్ని పన్నెండు మందిమి కలిసి చూస్తున్నాం. పెరటివైపు నుంచి కరకర శబ్దం వస్తూనే ఉంది. కొబ్బరి తురుముతున్నారనుకుని పచ్చడి గురించి కలలు కన్నాను. మీటింగయ్యాక హాల్లోకి వస్తే కిటికీ దగ్గర ఏదో మండుతోంది. ఎండ పడి కళ్లు చెదిరాయి.

నీళ్ల కుర్రాడు పెళ్లిలో పెట్టే కొత్త బిందెలా మెరిసిపోతున్నాడు. నుదురు, భుజాలు, వేళ్ల సందులు, మొలగుడ్డ మడతలు, ఒక్క చోట కూడా మచ్చ లేదు. పక్కనే అత్తగారు, మోచేతుల దాకా నల్లగా, మొహం వాడికంటే ఎక్కువ వెలిగిపోతూ. బల్ల కింద పళ్లెంలో ఆధారాలన్నీ ఉన్నాయి: నానబెట్టిన చింతపండు, రాళ్లుప్పు, కొబ్బరి పీచు, ఇంత బూడిద. పెద్దావిడ కాలంనాటి నిప్పుగూట్లో పీట్, అంటే ఇక్కడ కట్టెల బదులు మండించే ఎండు మట్టిగడ్డలు, కాల్చిన బూడిద మిగిలిందట. ఇన్నాళ్లకి ఈ దేశంలో పనికొచ్చే వస్తువొకటి కనపడిందని ఆవిడ సంతోషం.

"ఒరేయ్, చూసుకోమను," అన్నారు వాడితో. "అరువు తెచ్చుకున్న గిన్నెనైనా తోమకుండా తిరిగిస్తామా? అలాంటిది వీణ్ణి ఒక మనిషి నమ్మి మనింట్లో పెట్టింది."

ఆ ముదురు రంగు మకిలి కాదు. పోతపోసినప్పుడు శిల్పి కాల్చి ఎక్కించిన రంగు, దాని మీద తరతరాలుగా చేతులు తగిలి తగిలి పేరుకున్న నిగారింపు. పాత కంచు బొమ్మలకి అదే చర్మం. ఇది నాకు పెద్దావిడే చెప్పింది, నేనెవరికీ చెప్పలేదు, ఎందుకంటే నా ఓడ కెప్టెన్ కథ అంతకంటే బాగుంది. ఇప్పుడు చెప్పాను. చెప్పక తప్పలేదు. చెబుతూ చెబుతూ, "అసలు తుడవమందంతే," అన్న మాట కూడా జారింది.

పన్నెండేళ్లలో మొదటిసారి అత్తగారు తలెత్తి సూటిగా నా మొహంలోకి చూశారు.

"తోమమందని మీరే కదండీ అన్నారు!"

ఎన్ని శుభసందర్భాలు వచ్చాయి ఆ మౌనం వీడడానికి! పండగలు వెళ్లాయి, గృహప్రవేశం వెళ్లింది. చివరికి ఈ ముహూర్తం కుదిరింది.

ఆ వారమంతా నేను వాడికి తిరిగి రంగు తెచ్చే పరిశోధనలు చేశాను. టీ డికాషన్ పూస్తే వాడికి కామెర్లొచ్చినట్టయింది. బూటు పాలిష్ ఒక కాలికి రాస్తే ఆ కాలు ఆఫీసుకి బయల్దేరినట్టుంది. అత్తగారు తడిగుడ్డతో అదంతా తుడిచేశారు. "నేను చేసిన తప్పుకి మీరు రంగెయ్యకండి," అన్నారు. నాతోనే, నేరుగా. ఒకసారి గేటు తెరిచాక ఇక మూయలేదు ఆవిడ. "నలభై ఐదేళ్ల సంసారంలో పరాయి గిన్నెకి సొట్ట పెట్టి ఎరగను. ఆవిడకి ఫోన్ చేసి నేనే చేశానని చెప్పండి. ఆవిడేమంటే అది పడతాను."

ఆదివారం ఫోన్ వచ్చింది. "అయ్యగారు ఎలా ఉన్నారు?"

అత్తగారు ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, నా పెదాలు చూస్తున్నారు.

"గ్రాండ్," అన్నాను.

ఈ దేశంలో గ్రాండ్ అంటే ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. కాలు విరిగినా గ్రాండే, కప్పెగిరిపోయినా గ్రాండే. ఫోన్ పెట్టేశాక అత్తగారు అడిగారు. "చెప్పారా?"

"చెప్పానండి."

"ఏమంది?"

"గ్రాండ్ అంది."

ఆవిడ ఆ మాట నాలుగు నెలలుగా కిటికీలోంచి, కొట్లోంచి, పోస్టు తెచ్చేవాడి నోట్లోంచి విని ఉన్నారు. మంచి మాటేనని తెలుసు. కుర్చీలో కూలబడి కళ్లొత్తుకున్నారు. "ఎంత పెద్ద మనసండీ! నేనైతే గుమ్మం ఎక్కనిచ్చేదాన్ని కాదు."

నేనేం దుర్మార్గుణ్ణి కాదు. పెద్దావిడ ఎన్నిస్‌లో ఉంది, మధ్యలో జిల్లాలంతటి కౌంటీలకి కౌంటీలు, దార్లో గార్డులు. ఎవరూ ఎక్కడికీ కదలరు. ఈలోగా ఏదో ఒకటి జరుగుతుంది. ప్రభుత్వాలు కూడా అప్పుడు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి కదా, నన్నొక్కణ్ణే అనడమెందుకు?

మా ఆవిడకి మాత్రం అర్థమైపోయింది. సాయంత్రం వచ్చి, చేతులు కడుక్కుంటూ, "నిజంగా చెప్పారా?" అంది. నేను వాతావరణం గురించి మాట్లాడాను. "మీరే చెప్పుకోండి మరి," అని తువ్వాలు నా భుజం మీద పడేసి వెళ్లిపోయింది.

జూన్ నెలాఖర్లో కౌంటీలు దాటొచ్చన్నారు. అన్న వారంలోనే పెద్దావిడ ఫోన్. "శనివారం వస్తున్నా. లోపలికి రాను, తోటలోనే నిలబడి అయ్యగారిని చూసి పోతా."

నేను దొంగ జ్వరం గురించి ఆలోచించాను. కానీ ఆ రోజుల్లో జ్వరమంటే ఫోన్‌లో జీపీ డాక్టరు, ముక్కులో పుల్ల. అబద్ధాలకి కూడా పరీక్షలు పెట్టిన కాలం. ఇక అత్తగారు శుక్రవారం నుంచే హడావిడి. పులిహోర, సున్నుండలు. శనివారం పొద్దున్న తోటలో బల్ల వేయించి, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, నా చేతే కుర్రాణ్ణి మోయించి నడిమధ్య నిలబెట్టించారు. దాచడానికేముంది, పెద్దావిడ క్షమించేసింది కదా!

కారు ఆగింది. సన్నగా, నిటారుగా, మాస్కుతో పెద్దావిడ పక్కదారిలోంచి తోటలోకొచ్చింది. చెయ్యి ఊపింది. బల్ల వైపు చూసింది. చెయ్యి గాల్లోనే ఆగింది.

దగ్గరికెళ్లి, వాడి తల మీద అరచెయ్యి పెట్టబోయి, పెట్టకుండా వెనక్కి తీసుకుంది.

అత్తగారి నవ్వు మెల్లగా ఆరిపోయింది. పెద్దావిడ మొహం చూశారు, నా మొహం చూశారు. లెక్క తేలడానికి ఎంతసేపు.

"మీరు చెప్పలేదు," అన్నారు.

"అది కాదండీ—"

"ఇప్పుడు నేను చెబుతాను. మీరు ఇంగ్లీషులో అనండి. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తియ్యొద్దు." పెద్దావిడ వైపు తిరిగి, చేతులు జోడించి, నెమ్మదిగా, నాకు మధ్యలో ఆగడానికి చోటిస్తూ చెప్పారు. "నేనే తోమానమ్మా. చింతపండుతో, బూడిదతో తోమాను. మా ఇంట్లో రాగీ ఇత్తడీ అలాగే తోముతాం. మురికనుకున్నాను. నీదని తెలిసి శ్రద్ధగా చేశాను, అదే నా తప్పు. ఎక్కువ శ్రద్ధగా చేశాను."

నేను ఉన్నదున్నట్టు అన్నాను. కలపకుండా అనువదించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నోట్లో నాలుగు అలంకారాలు తయారుగా ఉన్నాయి, మింగేశాను. చివర్లో నాది నేనూ చేర్చాను: "మీరు తుడవమన్నారు. నేను తోమమన్నారని చెప్పాను. తేడా నాకు తెలుసు." ఇది ఆవిడకి నమ్మకం కలిగించలేదు. గోంగూర అడిగే బొమ్మ గురించి మూడు నెలలుగా చెప్పినవాడు నిజం చెబితే ఎవరు నమ్ముతారు? "నవ్వించడానికి చూడకండి," అంది నాతో, పొడిగా.

తర్వాత అత్తగారి వైపు చూసి మాట్లాడింది. వాళ్లమ్మమ్మ ఒక పెద్ద బంగళాలో దుమ్ము దులిపే పనిమనిషి. రోజూ పొద్దున్నే వీడి ఒళ్లు తుడిచేది. ఆ బంగళావాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోతూ ఏం కావాలో తీసుకోమంటే, ఆవిడ వీణ్ణి తీసుకుంది. వీధిలో పని చేసుకునే పిల్లాడు, మన జట్టే కదా అందట. ఆ తర్వాత బయటికెళ్లే ప్రతివాళ్లూ వాడి తల నిమిరి వెళ్లేవాళ్లు. వాళ్లమ్మ కూడా. "ఆ నలుపులో మా అమ్మ చెయ్యి ఉంది," అంది.

చెప్పాను. అత్తగారు తల వంచుకుని విన్నారు. ఏడవలేదు. "మళ్లీ ఆ రంగు రావడానికి ఎన్నాళ్లు పడుతుందో అడగండి," అన్నారు.

పెద్దావిడ ఆలోచించింది. "కిందటిసారి తొంభై ఏళ్లు పట్టింది."

"ఆవిడకెన్నేళ్లు?"

"డెబ్బై మూడు."

"నాకు అరవై ఎనిమిది." అత్తగారు బల్ల వైపు చూశారు. "అయితే ఆలస్యం చెయ్యొద్దనండి. ఇవాళే మొదలెట్టమనండి."

నేను అన్నాను. పెద్దావిడ నవ్వలేదు. కానీ మాస్కు పైన కళ్లు అత్తగారి మీద కొంచెంసేపు నిలిచాయి. వాణ్ణి తనతో తీసుకుపోతానంది. నేను మోసుకెళ్లి కారు ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఆవిడ వాడికి బెల్టు పెట్టింది. పులిహోర డబ్బా తీసుకుంది, సున్నుండలూ తీసుకుంది. ఇంజను వేశాక అద్దం దించి నాతో అంది: "రేపు కాదు, పై ఆదివారం ఫోన్ చేస్తాను. ఆవిడకి. మీకు కాదు."

ఎలా మాట్లాడుకుంటారనుకున్నాను. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు, దుబాసీని ఇద్దరూ కలిసి డిస్మిస్ చేశారు. ఆదివారం పదకొండింటికి అత్తగారి ఫోన్ మోగింది. ఆవిడ వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నారు. నేను చెవొగ్గాను. అవతల ఇంగ్లీషు, ఇవతల తెలుగు, మధ్యలో పెద్ద పెద్ద మౌనాలు. ఇరవై నిమిషాలు. ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు.

బయటికొచ్చాక అడిగాను. "ఏమందండీ?"

"చెల్లెలింటి పెరట్లో వాన పడేచోట పెట్టిందట. రోజూ లేవగానే తల మీద చెయ్యేస్తోందట. కుడి చెవి వెనకాల కాస్త గోధుమరంగు తిరిగిందట."

వారం రోజుల్లో! అందులోనూ వాన పడక రైతులు గోల పెడుతున్న ఏడాది! నాకు అనుమానం వచ్చింది. ఈ ఇంట్లో కోతలు కోసే హక్కు ఇన్నాళ్లూ నా ఒక్కడిదే.

"అత్తయ్యగారూ, చెవి వెనకాల గోధుమరంగు అని ఇంగ్లీషులో ఆవిడెలా చెప్పింది? మీకెలా అర్థమైంది?"

అత్తగారు గిన్నెలు సర్దుకుంటూ నా వైపు చూడకుండానే అన్నారు. "మీకెందుకండీ? మీకు చెబితే మధ్యాహ్నానికల్లా వాడికి మీసాలొస్తాయి."